ఏడుగురూ పట్టేవాళ్లే

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనకన్నా తెలివైనవాడు లోకంలో లేడనిపిస్తుంది చూడండి, నాకు అది మోతాదుకు మించే అనిపించేది. తెలంగాణ వచ్చిన తొలి ఏళ్లలో నందికొండ కాలువల ఆఫీసులో పనికి కుదిరాను. ఉండేది నలుగురం: సారు, టైపు అక్క, వాచ్‌మన్ మామ, నేను. ఆదివారమైనా ఒకరు కూర్చుని గంటగంటకూ నీటిమట్టం చూసి పైవాళ్లకు ఫోన్‌లో చెప్పాలి. ఆ డ్యూటీ ఎవరిదన్న తగువు ఎంతకూ తెగక, చివరికి సారే ఒక ఉపాయం కనిపెట్టారు. టీవీలో కబడ్డీ పోటీలు నడుస్తున్నాయి. వారం మొదట్లో తలా ఏడుగురు ఆటగాళ్లను పాత రిజిస్టర్లో రాసుకోవాలి. శనివారం దాకా వాళ్లు తెచ్చిన పాయింట్లే మన పాయింట్లు. అందరికన్నా వెనకబడ్డవాళ్లకు ఆదివారం డ్యూటీ. ఒకరు రాసుకున్న ఆటగాణ్ణి ఇంకొకరు ముట్టకూడదు.

అయితే ఎంచుకునే వంతులు కూడా సీనియారిటీ ప్రకారమే అన్నారు (మా ఆఫీసులో చాయ్ గ్లాసు కూడా ఆ వరసలోనే తిరిగేది). ప్రతి వారమూ మొదట సారు తన ఏడుగురినీ ఒకేసారి రాసుకునేవారు, చివర నేను. నాదాకా వచ్చేసరికి కూతకు వెళ్లే మొనగాళ్లంతా అయిపోయేవారు. మీసం బాగుందని అక్క రాయించుకున్నవాడితో సహా. ఇక కూతకు వచ్చినవాణ్ణి పట్టేవాళ్లే దిక్కయ్యారు. దిక్కులేక చేసిన పనికి సిద్ధాంతం కట్టడంలో నేను దిట్ట. ఏడుగురినీ పట్టేవాళ్లనే రాశాను. సారు రిజిస్టర్ చూసి, "గిదేందిరా, అందరు పట్టేటోళ్లేనా? పోయి పాయింట్ తెచ్చేటోడు ఎవడు?" అన్నారు. "కూతకు పోయేటోనికి ఒకరోజు కాలు ఆడుతది, ఒకరోజు ఆడదు సార్. పట్టేటోడు ఉన్న జాగల ఉంటడు, వచ్చినోన్ని పడతడు" అన్నాను. మూడు వారాలు నిజంగానే గట్టెక్కాను. "పిలగాడు హుషారున్నడు" అని మామ అనేసరికి నా నడకే మారిపోయింది.

నాలుగో వారం మధ్యలో ఊరి నుంచి మా బాపు ఫోన్ చేశాడు. "ఆదివారం దేవరకొండల పిల్లను చూసేదుంది. జర మంచి అంగి ఏస్కొని పొద్దుగాల్నే రా." ఫొటో ముందే చూశాను, చాలా నచ్చింది. కానీ ఆఫీసులో చెప్పడానికి సిగ్గు (అక్కకు తెలిస్తే పొద్దుగూకేలోపు కాలనీ మొత్తానికి తెలుస్తుంది). నా ఏడుగురు ఉండగా నాకేం ఫికర్ అనుకున్నాను.

శనివారం సాయంత్రం ఆ వారానికి ఆఖరి ఆట, అందరం ఆఫీసు టీవీ ముందు చేరాం. నావాళ్లు నలుగురు ఒక జట్టులో, ముగ్గురు ఎదుటి జట్టులో. ఎటు పట్టినా పాయింట్ నాదే అని మురిసిపోయాను. ఆట మొదలైన కాసేపటికే తొందరపడి మీదికి దూకి నావాళ్లలో ముగ్గురు అవుటయ్యారు. అవుటైనవాడు మళ్లీ లోపలికి రావాలంటే అతని జట్టుకు పాయింట్ రావాలి, పట్టేవాళ్లు బయట కూర్చుంటే అది కూతకు వెళ్లినవాడే తేవాలి. ఆ వెళ్లేవాళ్లు రెండు వైపులా సారు రాసుకున్నవాళ్లే. నావాడు లేవాలని సారు ఆటగాడికి చప్పట్లు కొట్టాను. సారు పాయింట్లు పెరిగాయి, నావాడు లేచాడు, మళ్లీ దూకాడు, మళ్లీ బయట కూర్చున్నాడు. "తమ్ముడూ, నువ్వు ఎవరి దిక్కు ఉన్నవ్?" అని అక్క నవ్వింది. చివరికి నేనే అందరికన్నా వెనకబడ్డాను.

ఆదివారం కాలువ ఒడ్డున కూర్చుంటే బాపు ఫోన్ల మీద ఫోన్లు. డ్యూటీ పడింది అన్నాను. ఎలా పడిందో చెప్పే ధైర్యం లేదు. బాపు ఊరుకుంటాడా, సారుకే ఫోన్ కొట్టాడు. సారు లుంగీ మీదే బండేసుకుని వచ్చారు. "పెండ్లిచూపులని ఒక్క మాట చెప్తే నీ నోరు పడిపోతుండెనా? ఏడుగుర్ని నమ్మినవ్, నన్ను నమ్మకపోతివి గదరా!" అని తిట్టి, నా కుర్చీలో కూర్చుని, "నేను జూస్త పో, బస్సు పోతది" అన్నారు. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

చేరేసరికి మిర్చిబజ్జీలు చల్లారిపోయాయి. "సర్కారు నౌకరి అంటే గంతే, ఆదివారం గూడ తప్పదు" అని పిల్ల తండ్రే నన్ను వెనకేసుకొచ్చాడు. కాసేపటికి ఆ అమ్మాయే తలెత్తి నన్ను చూసి, "ఏమన్న అడుగుతరా?" అంది. అడగాల్సినవి బస్సులో దారి పొడుగునా వల్లించుకుంటూనే వచ్చాను. నోట్లోంచి మాత్రం "ఏం లేదు" అని వచ్చింది. పిలగానికి ఇష్టం లేనట్టుందని నాలుగు రోజులకు వాళ్లింటి నుంచి కబురొచ్చింది, ఆ సంబంధం అక్కడితో ఆగిపోయింది.

ఆ తర్వాత రెండేళ్లకు ఇంకో ఇంట్లో, ఇంకో అమ్మాయి అదే మాట అడిగింది. నేను అలవాటుగా "ఏం లేదు" అన్నాను. "గట్లెట్ల? గింత దూరం వచ్చిండ్రు, ఏదో ఒకటి అడుగుండ్రి" అందామె. తల వంచుకుని, టీవీల కబడ్డీ చూస్తరా అని అడిగాను. చూడదట. అయినా ఆమెనే చేసుకున్నాను.