వద్దన్న వారి జాబితా

గద్వాల పాత బస్టాండు వెనక అనంతయ్య చీరల కొట్టులో కంప్యూటరు ముందు కూర్చునే షబానాకు కోపం వస్తే కొట్టంతా తెలిసిపోతుంది. గొంతు పెంచదు గానీ కీబోర్డు టకటకలాడుతుంది. 2008 దసరాకు ముందు ఆ టకటక వారం రోజులు ఆగలేదు.

ఆమె పని చిన్నదేం కాదు. కొట్టుకు వచ్చి చీర చూసినవాళ్లు ఇష్టమైతే ఎర్ర నోటుబుక్కులో తమ ఈమెయిల్ చిరునామా రాసి పోతారు. మగ్గం మీంచి కొత్త చీరలు దిగినప్పుడల్లా షబానా వాటి ఫొటోలు పెట్టి, ఒక మెయిల్ కంపెనీ ద్వారా అందరికీ ఒకేసారి ఉత్తరం పంపుతుంది. అవి చూసి హైదరాబాదు, బెంగళూరు వాళ్లు ఆర్డర్లు పెడతారు. ఆర్డరు వస్తేనే కిష్టమ్మ లాంటి నేతగత్తెల మగ్గం మళ్లీ ఆడుతుంది. డిగ్రీ చదివి ఊళ్లోనే ఉండిపోయావని చుట్టాలు ఎంత దెప్పినా, నాలుగేళ్లుగా ఈ ఉత్తరాలే షబానా గొప్ప.

ఆ గొప్పకు గండి కొట్టినవాడు అనంతయ్య మేనల్లుడు హరీష్. యాభై వేల చిరునామాలున్న సీడీ ఒకటి ఎక్కడినుంచో పట్టుకొచ్చాడు. షబానా చుట్టాల పెళ్లికని అమరచింత వెళ్లిన రోజు చూసి, వాటన్నిటికీ దసరా చీరల ఉత్తరం పంపేశాడు. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఊరుకుంటారా? అడగని ఉత్తరమని స్పామ్ బటన్ నొక్కారు, అదే కంపెనీకి ఫిర్యాదు. మెయిల్ కంపెనీ వాళ్లు ఫిర్యాదు చేసినవారి జాబితా పంపి, ఇలాగే సాగితే ఖాతా మూసేస్తామని రాశారు. ఆపాటికే నోటుబుక్కులోని పాతవాళ్లకు పంపిన ఉత్తరాలు కూడా ఎవరూ తెరవని జంక్ పెట్టెలో పడుతున్నాయి. పండగ దగ్గరికొచ్చినా ఒక్క ఆర్డరూ లేదు.

అనంతయ్య పాతకాలపు మర్యాదస్తుడు. అలిగిన చుట్టాన్ని ఇంటికి వెళ్లి బతిమాలుకోవాలనేది ఆయన పద్ధతి. "తప్పయింది, మనసుల వెట్టుకోకుండ్రి అని ఆళ్లందరికి రాయి హరీష్. జర చీర బొమ్మ గూడ వెట్టు, సల్లవడ్తరు" అన్నాడు. హరీష్ రాశాడు. మర్నాటికి ఫిర్యాదులు రెట్టింపయ్యాయి.

షబానాకు ఒళ్లు మండిపోయింది. "వద్దన్నోళ్లకు మళ్ల రాస్తరా సేటూ? తలుపు మూసుకున్నోళ్ల ఇంటి ముందట నిలవడి పిలుసుడు ఏం మర్యాద? ఫిర్యాదు జేసినోళ్ల పేరు ఎంటనే తీసెయ్యాలె. ఎందుకని గూడ అడగొద్దు."

"నాకేం తెల్సు బిడ్డా" అన్నాడాయన.

ఆమె హరీష్ వైపు తిరిగింది. "బుక్కులున్నోళ్లు తమంతట తామే రాసిచ్చిన్రు. నీ సీడీలున్నోళ్లు నిన్ను అడిగిన్రా?"

హరీష్ సీడీ తీసి బల్ల మీద పెట్టాడు.

షబానా దాన్ని విరిచి చెత్తబుట్టలో పడేసింది. ఆ చిరునామాలన్నీ తీసేసింది. ఉత్తరం పైభాగంలో, మా ఉత్తరాలు వద్దనుకుంటే ఇక్కడ నొక్కండని మొదటిసారి ఒక వాక్యం పెట్టింది. తర్వాత ఫిర్యాదుల జాబితాను నోటుబుక్కుతో సరిచూడటానికి కూర్చుంది.

ఒక పేరు దగ్గర వేలు ఆగింది. వనపర్తి వనజ టీచరు. కూతురు గీతను వెంటబెట్టుకొచ్చి, ఆ పిల్ల పెళ్లికని చీరలు చూసి, తన చేత్తో చిరునామా రాసిపోయిన మనిషి.

"సూడుండ్రి సేటూ, తనే రాసిచ్చి తనే ఫిర్యాదు జేసింది. ఒక్కపారన్న వద్దని మనకు చెప్పిందా?" అంటూ, చెప్పలేదని రుజువు చేయడానికే జవాబుల పెట్టెలో వనజ పేరు వెతికింది.

మూడు జవాబులున్నాయి. మూడూ తెరవనివే. ఆర్డరు అన్న మాట కనిపించిన జవాబులు మాత్రమే తెరవడం షబానాకు అలవాటు.

మొదటిది ఫిబ్రవరిలో వచ్చింది. "మా గీత చనిపోయింది. పెళ్లి చీరల ఫొటోలు ఇక పంపకండి." రెండోది ఏప్రిల్‌లో. "దయచేసి పంపకండి." జూన్‌లో వచ్చిన మూడోదాంట్లో ఒకే మాట, "ఆపండి."

కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. వారం రోజులుగా హరీష్ మీద చూపించిన కోపమంతా తన మీదికే మళ్లింది. వాడు విసిగించింది తెలియనివాళ్లను, అదీ రెండుసార్లు. తాను విసిగించింది నమ్మి పేరు రాసిచ్చిన తల్లిని, నెలనెలా. షబానా సిగ్గుతో కుంగిపోయింది.

అనంతయ్య ఆ మూడు జవాబులూ చదివించుకున్నాడు. "తప్పయిందని ఒక్క ముక్క రాయి బిడ్డా" అన్నాడు.

"వద్దు సేటూ. ఆమె మనల్ని అడిగింది ఒక్కటే, రాయొద్దని."

నోటుబుక్కులో ఆ పేరు కొట్టేసి, షబానా తెరవని జవాబులన్నీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది.