మూడు కండ్ల పచ్చోడు, మా బర్రె

నిన్న మా ఇంట్ల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, చాయ్ తాగుకుంట వినుండ్రి.

నేను హైదరాబాద్‌ల ఓ వీడియో గేమ్‌కు గొంతిచ్చిన గదా. హుజూర్‌నగర్‌ల ఎరువుల దుకాణం నడిపే మా బాపు, "గా పనేందో చూపెట్టు. నచ్చితే పట్నంల ఉండు, లేకుంటే వచ్చి దుకాణంల కూసో" అన్నడు. నేనేమన్న తక్కువ తిన్ననా? "మెయిన్ రోల్ బాపూ" అని చెప్పిన.

నాది ఏలియన్. మూడు కండ్లు, పచ్చ తోలు. తలుపు కాడ నిలవడతడు, హీరో వచ్చి కాలుస్తడు, పడిపోతడు. గంత పెద్ద మెయిన్ రోల్.

రికార్డింగ్ నాడు సౌండ్ సారు, "ఎవరికీ అర్థం కాని భాషలో మాట్లాడాలమ్మా" అన్నడు. పొద్దంత గుర్రుగుర్రుమన్న. "పిల్లికి జలుబు చేసినట్టుంది" అన్నడు. గంతల ఇంటికాడికెల్లి మా అవ్వ ఫోన్ చేసింది. మైక్ బంద్ చేసుడు మర్శిన. "అవ్వా, బర్రెకు గడ్డేసినవా? జర ఆగు, మల్ల చేస్త" అన్న.

సారు అద్దం అవతల ఎగిరి గంతేసిండు. "ఇదే కావాలి. ఏ భాషమ్మా ఇది?"

"తెలుగే సార్."

జోకనుకోని నవ్విండు. హీరోది పుస్తకం తెలుగు, విలన్‌ది పుస్తకం తెలుగు, మా నల్లగొండ మాట మాత్రం వేరే గ్రహం భాష. మస్తు మర్యాద. ఎట్లైన కంప్యూటర్ల నా గొంతు మారుస్తరు, ఎవరు గుర్తువడ్తరులే అని ఊకున్న.

నిన్న అందరిని టీవీ ముందట కూసోవెట్టి గేమ్ నేనే ఆడిన. తలుపు తెరుచుకున్నది. "అగో, గా పచ్చోడు నేనే" అనుకుంట హీరోతోని కాల్పిచ్చిన. అంటే నన్ను నేనే కాల్చుకున్న. పచ్చోడు మోకాళ్ల మీద పడి, పాణం పోంగ, "అవ్వా, బర్రెకు గడ్డేసినవా?" అన్నడు. గొంతు మార్చింది లేదు, ఏం లేదు. అచ్చం నాదే.

మంచం మీద కునుకు తీస్తున్న అవ్వ కండ్లు తెర్వకుంటనే, "ఏసిన బిడ్డా, నువ్వు తిన్నవా?" అన్నది.

అందరు పడిపడి నవ్విండ్రు, బాపు ఒక్కడే నవ్వలే. "ఏందిది?" అంటే ఉన్నదంత చెప్పిన. దుకాణం తాళంచెవి నా చేతుల వెట్టి, "అయితే నీ మాట ఆళ్లకు సమజైతలేదన్నట్టు. మన దుకాణానికి వచ్చేటోళ్లకు మంచిగ సమజైతది. రేపు పొద్దుగాల తాళం నువ్వే తియ్" అన్నడు.

అందుకే మిమ్ములను చాయ్‌కు గీ యూరియా బస్తాల నడుమకు పిలిచిన. ఈడ గూడ తలుపు కాడనే నా జాగా. కాకపోతే ఎవ్వరు కాల్చరు, మెయిన్ రోల్ గూడ నాదే.