ముత్తఖా ముంచిన తలపాగా

ముత్తఖా చేతులు రెండూ మోచేతుల దాకా నీలిమందు గుంటలో ఉన్నాయి. అంచు మీద బోర్లా వంగి, సన్నని పేలికలు కలిపి కుట్టిన పొడవాటి తలపాగా గుడ్డను ఆ నీళ్ళలో మడత మడతగా విప్పుతున్నాడు. ఎక్కడ మడత పడివుంటే అక్కడ తెల్లచార మిగిలిపోతుంది. రాగిరంగు నురగ అతని ముంజేతుల చుట్టూ గాజుల్లా అంటుకుంటోంది.

"మెల్లగా తిప్పరా. అదేమన్నా స్టీరింగా?" అన్నాడు చాప మీద కూర్చున్న అన్న ఇరో.

"విమానానికి స్టీరింగ్ ఉండదన్నా."

"అది కూడా లేకుండానే అన్నేళ్ళు తోలావా? అల్లా నిజంగా దయామయుడే!"

పక్క గుంటల వాళ్ళు పగలబడి నవ్వారు. వాయుసేనలో ఎయిర్ కమడోర్‌గా పదవీ విరమణ చేసిన మనిషిని ఇలా ఆటపట్టించగలిగేది కానో నగరం మొత్తం మీద ఇరో ఒక్కడే.

ఇరోకు కిందటి వానల్లో పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. ఉన్నవాళ్ళంతా ఆడపిల్లలే. అల్లుళ్ళకు ఈ పని రాదు. పనిచేసే చేయి లేని ఇంటికి గుంట ఉండకూడదన్నది కోఫర్ మాతా రంగు గుంటల కట్టుబాటు. అందుకే గుంటల పెద్ద మాలం గంబో కబురు పెట్టాడు: ఎడారి ఊరు అగాదేజ్ నుంచి తలపాగా కోసం ఏటా వచ్చే వర్తకుడు అఖాము, ఈసారి ముత్తఖా ముంచిన గుడ్డను తలకు చుట్టుకుంటే గుంట వాళ్ళదే. చుట్టుకోకపోతే పక్కింటివాళ్ళకు ఇచ్చేస్తారు. తాత తవ్విన గుంట అది.

మొదటి గుడ్డ పాడైపోయింది. పొయ్యిలో మిగిలిన బూడిదలా, మచ్చలు మచ్చలుగా వచ్చింది. ఇది రెండోది. శుక్రవారం నమాజు కాగానే అఖాము లారీ ఎక్కేస్తాడు.

ముత్తఖా గుడ్డను పైకి లాగాడు. నీళ్ళలోంచి వచ్చేటప్పుడు అది లేత ఆకుపచ్చగా ఉంది. గాలి తగిలిన చోటల్లా మెల్లగా నీలం పాకుతోంది. అంచు మీద పెట్టుకున్న గడియారం వంక చూసి, మళ్ళీ ముంచేశాడు. ఇరో గొంతు సవరించుకుని, చూపు తిప్పుకున్నాడు.

ఇదే అంచు మీద ఒకప్పుడు వాళ్ళ బాబా కూర్చునేవాడు. కదూనాలో వాయుసేన శిక్షణ ముగించి, పరేడుకు ముందు సెలవు మీద ముత్తఖా ఇంటికి వచ్చినప్పుడు, ఆయన కొడుకు ముఖం కన్నా ముందు చొక్కా చూశాడు. లేత నీలం చొక్కా. బట్టను రెండు వేళ్ళ మధ్య నలిపి, "ఎవడు వేశాడురా ఈ రంగు? జ్వరమొచ్చిన ఆకాశంలా ఉంది," అన్నాడు.

"అది అందరికీ ఇచ్చే రంగే బాబా."

"అందరి సంగతి నాకెందుకు? నువ్వు నా కొడుకువి."

కొడుకు నిద్ర లేచేసరికి చొక్కా ఆరవేసి ఉంది. పండిన నేరేడుపండు రంగు. మీద మెరుపు కూడా. బాబా కళ్ళలో ఎంత సంతోషమంటే, ముత్తఖా దాన్ని అలాగే మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. ఆ చొక్కాతోనే పరేడులో నిలబడ్డాడు. లేత నీలం వరసల మధ్య ఒక్కడే చిమ్మచీకటి ముక్కలా. అధికారి అతని చుట్టూ తిరిగి, "ఎవరు చేశారిది?" అని అడిగాడు. "మా నాన్నగారు, సర్," అన్నాడు. వారం రోజులు గడ్డి కోయించారు. ఇంటికి మాత్రం, అందరూ మెచ్చుకున్నారని రాశాడు.

ఆ తర్వాత గాలిలోనే బతికాడు. పెద్ద పొట్ట ఉన్న రవాణా విమానాలు. యుద్ధం జరుగుతున్న తీరాలకు బియ్యం బస్తాలు తీసుకెళ్ళి, అక్కడినుంచి గాయపడినవాళ్ళను తెచ్చేవాడు. కొన్నిసార్లు వెనుక ఏ మూలుగూ వినపడేది కాదు. అప్పుడు ఇంకా నెమ్మదిగా దించేవాడు, నిద్రపోతున్నవాళ్ళు లేస్తారేమో అన్నట్టు. తెల్లవారుజామున మబ్బుల మీద ఎగురుతుంటే, నిద్రలో నడుస్తున్నట్టు ఉండేది. కింద భూమి ఉందో లేదో తెలిసేది కాదు.

హోదా పెరిగేకొద్దీ విమానం దూరమైంది. వింగ్ కమాండర్ అయ్యాక అప్పుడప్పుడూ. గ్రూప్ కెప్టెన్ అయ్యాక ఎప్పుడో ఒకసారి. ఎయిర్ కమడోర్ అయ్యాక కుర్చీ, గోడ మీద పటం, ఎదురుగా నిలబడి సెల్యూట్ చేసేవాళ్ళు. బాబా పోయిన రోజున కూడా ఒక సమావేశంలో కూర్చుని ఉన్నాడు.

"చేతులు ఊరికే ఉంచావేం? నిద్రపోయావా, దొరా?" అన్నాడు ఇరో.

గుడ్డ మళ్ళీ పైకి వచ్చింది. అదే క్షణంలో ఎక్కడినుంచో ఒక మోత. పడమటి వైపునుంచి, బరువుగా, కాస్త తడబడుతూ. ముత్తఖాకు ఆ గొంతు తెలుసు. తల ఎత్తాడు. పాత రవాణా విమానం ఒకటి ఎండలో తేలుతూ, ఎక్కడికీ తొందర లేనట్టు, మసీదు మినార్ల మీదుగా సాగిపోయింది. తోలుతున్నదెవరో? ఇంత మెల్లగా తోలేవాడు, వెనుక ఏం మోస్తున్నాడో? శబ్దం కూడా కరిగిపోయేదాకా అలాగే చూస్తూ ఉండిపోయాడు.

చేతులు బరువెక్కాక కిందికి చూశాడు. గుడ్డ ఆకుపచ్చ మొత్తం పోగొట్టుకుంది. అంచు నుంచి అంచు దాకా, మచ్చ లేకుండా, తూర్పున సూర్యుడికి ముందు వచ్చే నీలం. మబ్బుల పైన ఎన్నోసార్లు చూసిన నీలం అది. అక్కడ కూడా మొదట ఆకుపచ్చగానే మొదలయ్యేది.

ముంచడంలో తప్పు లేదు, గుడ్డను గాలి తాగనివ్వకుండా మళ్ళీ ముంచేయడమే తప్పు. చిన్నప్పుడు బాబా పక్కన ఆడుకుంటూ చూసిందే. తొందరలో మరిచాడు. గడియారం తీసి జేబులో వేసుకున్నాడు.

"నీకు తెలుసు కదన్నా. చెప్పొచ్చు కదా?"

"చెబితే నేను ముంచినట్టు అవుతుంది. గంబో చెవులు ఎంత పొడవో తెలీదా?"

అప్పటినుంచి ముంచడం తక్కువ, ఎత్తి పట్టుకోవడం ఎక్కువ. మధ్యలో ఇరో పెద్దకూతురు సజ్జపిండి, పాలు కలిపిన ఫురా తెస్తే, గుడ్డ పట్టుకున్న చేతులు దించకుండానే నోరు తెరిచి తాగించుకున్నాడు. "బాబాయ్, పిచ్చుకపిల్లలా ఉన్నావు," అని ఆమె నవ్వింది.

ఆరిన గుడ్డను మర్నాడు దుంగ మీద పరిచారు. మెరుపు రావాలంటే ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని కొయ్యసుత్తులతో కొట్టాలి. ముత్తఖా కుడిచేత్తో, ఇరో ఎడమచేత్తో. మొదట దెబ్బలు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. తిట్టుకున్నారు. తరువాత ఎవరిది ఏ దెబ్బో వాళ్ళకే తెలియకుండా పోయింది. బట్ట మీద రాగి మెరుపు లేచింది.

శుక్రవారం నమాజు అయ్యాక అఖాము వచ్చాడు. ముఖమంతా పాత తలపాగా కప్పేసింది, కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. మాలం గంబో పక్కన నిలబడ్డాడు. ముత్తఖా గుడ్డను రెండు చేతులతో అందించాడు.

"కమాండర్ చేతులు ఎప్పటినుంచి నీలంగా ఉంటున్నాయి?" అన్నాడు అఖాము.

"ఈ నెల నుంచి."

అఖాము గుడ్డను చెవి దగ్గర నలిపి, చిటపట విన్నాడు. మణికట్టు మీద గట్టిగా రుద్ది, పడిన మరక చూశాడు. ఒంటికి అంటని నీలం ఆ ఎడారివాళ్ళకు నీలమే కాదు. అటు తిరిగి, పాత తలపాగా మొదటి చుట్టు విప్పడం మొదలుపెట్టాడు.

అఖామువాళ్ళలో మగవాడి ముఖం పరాయివాళ్ళ ముందు బయటపడకూడదు. గుంటల దగ్గర ఉన్నవాళ్ళంతా మర్యాదగా గోడవైపు తిరిగారు. ముత్తఖా కూడా తిరిగాడు. వెనుక గుడ్డ జారుతున్న చప్పుడు. పాతదే మళ్ళీ చుట్టుకుంటున్నాడో, కొత్తది చుట్టుకుంటున్నాడో తెలియదు. చక్రాలు నేల తాకే ముందు వచ్చే నిశ్శబ్దంలా ఉంది. ఇరో ఎడమచేయి వచ్చి అతని మోచేయి పట్టుకుంది.

ముందుగా తిరిగింది మాలం గంబో. "తిరగండి," అన్నాడు.

అఖాము తల మీద, గడ్డం కింద, ముక్కు మీద, కొత్త నీలం ఎండలో మెరుస్తోంది. కళ్ళ కింద అప్పుడే సన్నని మరక పడింది. పాత తలపాగాను చంకలో పెట్టుకుని, ముత్తఖాతో చేయి కలిపి, లారీ వైపు నడిచాడు.