కోనసీమలో కొండ దారి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. డిగ్రీ పూర్తయి ఆరు నెలలు, చేతిలో కొత్త ఫోను, అందులో ఇంటర్నెట్టు. ఇక తెలియకపోవడానికి ఏం మిగులుతుంది? ఎవరేమడిగినా ముందు జవాబు చెప్పేసి, అది నిజమో కాదో తరవాత చూసుకునేదాన్ని. (చూసుకోవడం కూడా ఎప్పుడైనా బుద్ధి పుడితేనే.) ఇప్పుడు తలుచుకుంటే ఆ ధైర్యానికి ముచ్చటేస్తుంది గానీ, దాని మూలంగా ఒక పెద్దావిడ ఎండలో పడిన పాట్లు గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

మా బాబాయి కువైట్‌లో ఒక హోటల్ వంటింట్లో పద్నాలుగేళ్ళు పనిచేసి తిరిగొచ్చి, రాజోలు దగ్గర కాలవ గట్టు మీద ఆరు గదులు కట్టి, టూరిస్టులకి అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళు తింటున్నారు, పడుకుంటున్నారు, మర్నాడు వెళ్ళిపోతున్నారు. వాళ్ళకి ఏదో ఒక పని కల్పిస్తే ఇంకో రోజు ఉంటారని ఆయనకి తోచింది. నాలుగు సైకిళ్ళు తెచ్చి వరండాలో పెట్టి నన్ను పిలిచాడు. "ఇదిగో అమ్మలూ, బయటి దేశాల్లో సైకిలు దారులని పుస్తకం వేస్తారు. ఏ దారిలో వెళ్తే ఏం కనపడుద్ది, ఎక్కడ ఆగాలి, అన్నీ రాస్తారు. మనమూ వేద్దాం. ఆయ్, నువ్వే రాయాలి." అదే నా మొదటి ఉద్యోగం.

బుద్ధున్న మనిషైతే సైకిలెక్కి ఆ దారులన్నీ తిరిగొచ్చి రాస్తుంది. నేను ఫ్యాను కింద కుర్చీ వేసుకున్నాను. ఇంటర్నెట్టులో ఎక్కడో కొండలూ సరస్సులూ ఉన్న ఒక చలి దేశపు సైకిలు దారుల పుస్తకం దొరికింది. ఎంత బాగుందో! దాన్ని ఒక్క మధ్యాహ్నంలో తెలుగులోకి దించేసి, ఊళ్ళ పేర్లు తీసేసి మన పేర్లు పెట్టాను. "ఉప్పలగుప్తం చేరేసరికి చలి ముదురుతుంది, ఉన్ని కోటు తప్పనిసరి." "సఖినేటిపల్లి మలుపులో గొర్రెల మందలు అడ్డం రావచ్చు." సరస్సు అన్న మాట మరీ గ్రాంథికంగా ఉందని చెరువు చేశాను, ఉత్త చెరువేమిటని రొయ్యల చెరువు చేశాను. దాంతో మూడో దారి చివర "మంచుకొండ నీడ పడిన రొయ్యల చెరువు" తయారైంది. ఆ మూడో దారికి "శిఖర దారి, ఎక్కవలసిన ఎత్తు నాలుగు వందల మీటర్లు" అని పేరు కూడా పెట్టాను. బాబాయి అట్ట మీద బొమ్మ చూసి "అదిరిందే!" అని, లోపల ఒక్క ముక్క చదవకుండా అచ్చు వేయించి, ఫేస్‌బుక్‌లోనూ పెట్టించాడు.

మూడు నెలలు ఎవరూ పట్టించుకోలేదు. నాలుగో నెలలో బెంగళూరు నుంచి ఫోను. చిత్తూరు వైపు ఆవిడ, లెక్కల టీచరుగా రిటైరయ్యారట. భార్యాభర్తలిద్దరూ వస్తున్నామనీ, సైకిళ్ళు తామే తెచ్చుకుంటామనీ, మూడో దారే కావాలనీ చెప్పారు. "మీరు రాసింది చదివినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదమ్మా. కొండా నీళ్ళూ రెండూ ఒక్క దారిలో!" అన్నారు. నాకూ ఆ క్షణం నుంచి నిద్ర పట్టలేదు.

బాబాయి ముందు పుస్తకం తెరిచి ఆ పేజీ చదివించాను. ఆయన ఒకసారి చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. "కొండేంటే? ఇక్కడ కొబ్బరి చెట్టు కంటే ఎత్తయినదేదైనా చూసేవా నువ్వు?" అన్నాడు. నిజం చెప్పేద్దామన్నాను. కొత్తగా పెట్టిన చోటు, అప్పుడే పేరు పోతే ఎలాగని కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి వంటవాడి ధైర్యం తెచ్చుకున్నాడు. "రానీ. నా పనసపొట్టు కూర తిన్న మనిషి కొండ సంగతి అడుగుద్దేంటి?"

వాళ్ళు వచ్చారు, పనసపొట్టు కూర తిన్నారు, రెండోసారి వడ్డించుకున్నారు. చెయ్యి కడుక్కుంటూ మేడమ్ గారు అడిగిన మొదటి మాట: "రేపు కొండకి ఎన్ని గంటలకి బయల్దేరాలమ్మా?" సారు నన్ను పక్కకి పిలిచి, "బాగా నిటారుగా ఉండాదా పాపా? మోకాళ్ళు తట్టుకుంటాయా?" అని గుసగుసగా అడిగారు. ఆ మొహం చూస్తే నెల రోజులుగా కలలో ఆ కొండే వస్తోందని తెలిసిపోతోంది. "మరీ అంత ఏం ఉండదండి" అన్నాను. (ఆ వారం మొత్తం మీద నేను పలికిన నిజం అదొక్కటే.)

తెల్లవారేసరికి బాబాయికి నడుం పట్టేసింది. అంచేత దారి చూపించే బాధ్యత నా మీద పడింది. వాళ్ళవి సన్నటి చక్రాల గేర్ల సైకిళ్ళు, నాది ముందు బుట్ట ఉన్న లేడీస్ సైకిలు. ఆవిడ అలిసిపోయి "ఇంక చాల్లే" అనే దాకా తిప్పుదామని నా పథకం. కాలవ గట్లంట, వరి చేల మధ్య నుంచి, వచ్చిన ప్రతి మలుపులోనూ ఎడమ పక్కకి తిప్పాను. ఆవిడ అలవలేదు. "ఈ రైసు మిల్లు ఇందాకే చూసినట్టుండాదే" అన్నారు సారు. "ఇక్కడ మిల్లులన్నీ ఒకేలా ఉంటాయండి" అన్నాను. మూడోసారి అదే మిల్లు ఎదురైనప్పుడు మేడమ్ గారు బ్రేకు వేసి, టీ కొట్టాయన్ని సూటిగా అడిగేశారు.

"ఏమయ్యా, కొండ ఎక్కడ?"

"కొండాండీ? దిండి వంతెన దగ్గరుంటాడండి. తొందరగా వెళ్ళండి, మజ్జాన్నమైతే పడుకుంటాడు."

"కొండ పడుకోవడమేందమ్మా?" అని ఆవిడ నా వైపు తిరిగారు. "ఇక్కడి మాట తీరు అలా ఉంటుందండి" అని తల దించుకుని తొక్కడం మొదలుపెట్టాను. తప్పించుకునే దారులన్నీ మూసుకుపోయాయి.

గోదావరి మీది ఆ వంతెన మొదట్లో, గొడుగు కింద, కొబ్బరి బొండాల గుట్ట పక్కన కొండ కూర్చుని ఉన్నాడు. ఆరడుగుల పైన మనిషి, దానికి తగ్గ పొట్ట. చిన్నప్పటి నుంచీ అందరూ అలాగే పిలుస్తారు, అసలు పేరు ఆయనకే ఒక్క క్షణం ఆలోచిస్తే గానీ గుర్తు రాదు. "రండి రండి, నాకోసమాండీ?" అని లేచి నిలబడ్డాడు. ఇక నావల్ల కాలేదు. అక్కడే, రోడ్డు పక్కన, లారీల మోతలో, ఫ్యాను దగ్గర నుంచి మొదలుపెట్టి రొయ్యల చెరువు దాకా అంతా చెప్పేశాను.

సారు మొహం ఒక్కసారిగా విప్పారింది. "అంటే కొండ లేదా? అసల్లేదా?" అని రెండు సార్లు అడిగి, హాయిగా స్టూలు లాక్కుని బొండాం కొట్టమన్నారు. మేడమ్ గారు మాత్రం సైకిలు గట్టుకి ఆనించారు. "కోనసీమ అంటే కోన ఉంటుందనుకున్నానమ్మా. మా పక్క కోన అంటే కొండల నడుమ లోయ" అన్నారు. "ఇక్కడ కోనంటే మూలండి" అన్నాను. "అరవై నిండినాయి. ఒక్క కొండైనా నా కాళ్ళతో నేను ఎక్కాలని మూడు నెలలుగా మా అపార్టుమెంటు మెట్లు ఎక్కి దిగుతా ఉన్నాను" అన్నారు. కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

కొండ నా చేతిలో కూడా ఒక బొండాం పెట్టాడు. మేడమ్ గారు నడుమ ఎత్తుగా లేచిన వంతెన వైపు చూస్తూ నిలబడ్డారు. ఉన్నట్టుండి సైకిలెక్కి, వంతెన మీదుగా ఆ ఒడ్డుకి వెళ్ళి తిరిగొచ్చి, ఎత్తు కూడా చూపించే చేతి గడియారం చూసుకున్నారు. "ఎటు నుంచి ఎక్కినా పది మీటర్లు. నువ్వు రాసింది నాలుగు వందలు. నలభై సార్లు. రెండు అయినాయి, ఇంక ముప్పై ఎనిమిది" అన్నారు. సారు నోట్లో గొట్టం అలాగే ఉండిపోయింది.

అలా మొదలైంది. ఆవిడ తిరిగొచ్చినప్పుడల్లా కొండ లెక్క కోసం రెండు కొబ్బరి ఈనెలు తన పక్కనున్న బుట్టలో వేసేవాడు. పాపపరిహారంగా నేనూ వెనకాలే తొక్కాను. పదకొండోసారికి నా ఊపిరీ, సైకిలు చైనూ ఒకేసారి తెగినంత పనయింది. చైను సరిచేసుకుని, ఊపిరి మాత్రం సరికాక గొడుగు కింద కూలబడ్డాను. పద్దెనిమిదో సారికి బాబాయి స్కూటరు మీద వచ్చాడు, నడుం సంగతి మర్చిపోయి. తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చిన మనిషి, విషయం విని, ఇంటికి పరిగెత్తి పులిహోర కలిపి తెచ్చాడు. దారిన పోయే వాళ్ళు ఆగడం మొదలైంది. "మొక్కాండీ? ఏ దేవుడికండీ?" అని ఒకాయన అడిగితే, "దేవుడికి కాదు సామీ, దీనికి కారణం ఈ పాప" అని సారు నన్ను చూపించారు. రొయ్యల షెడ్డు నుంచి ఆటోలో వెళ్తున్న ఆడవాళ్ళు "తొక్కండి మామ్మగారూ, తొక్కండి!" అని కేకలు వేశారు.

ఎండ ముదిరింది, సముద్రం వైపు నుంచి ఎదురుగాలి లేచింది. ఒకసారి ఆవిడ దిగి బుట్టలో ఈనెలు లెక్కపెట్టి, "ముప్పై నాలుగున్నాయి. నాకు తెలిసి ముప్పై రెండే" అని భర్త వైపు చూశారు. సారు గోదావరి వైపు చూశారు. "ఎండగా ఉందని..." అని నసిగారు. "ముప్పై ఏండ్లు పిల్లకాయల కాపీలు పట్టుకున్నాను నేను" అని రెండు ఈనెలు తీసి అవతల పారేశారు. ముప్పై ఆరు దగ్గర ఆవిడ పిక్క పట్టేసింది. కొండ ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్ళు ఇచ్చాడు, నేను రోడ్డు పక్కన కూర్చుని పిక్క రుద్దాను. "ఇంక చాలు మేడమ్ గారూ, నా తప్పుకి మీరెందుకండీ" అన్నాను. "నీ తప్పుకి కాదమ్మా, నా కొండకి" అన్నారు ఆవిడ. మిగిలిన నాలుగూ నేను పక్కనే తొక్కాను. కింద కొండ రెండు చేతులూ పైకెత్తి "నలభై!" అని అరిచిన అరుపు ఆ ఒడ్డుకి కూడా వినపడి ఉంటుంది. బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు. సారైతే తనే ఎక్కినంత గర్వంగా అందరికీ బొండాలు పంచారు.

మర్నాడు వెళ్ళేముందు మేడమ్ గారు ఎర్ర పెన్ను అడిగి తీసుకుని, నా పుస్తకం మొదటి నుంచి చివరి దాకా దిద్దారు. కింద "భాష బాగుంది. భూగోళం సున్నా. మళ్ళీ రాయి" అని రాసి సంతకం పెట్టారు. మళ్ళీ రాశాను. నెల రోజులు ఒక్కో గట్టూ, ఒక్కో రేవూ తొక్కి తొక్కి, చూసిందే రాశాను. మా ఊళ్ళు ఇంత బాగుంటాయని నాకు అప్పుడే తెలిసింది.

తరవాత తరవాత అదే నా బతుకుతెరువైంది. అడిగినవాళ్ళకి సైకిలు దారులు వేసి ఇస్తున్నాను, ముందు నేను తొక్కందే ఒక్క వాక్యం రాయను. మొన్న చలికాలంలో మొదటిసారి పాడేరు ఘాట్ రోడ్డు మీద నిజమైన కొండ ఎక్కబోయాను. మూడో మలుపులోనే దిగి సైకిలు తోసుకుంటూ నడిచాను. పైనుంచి దిగుతున్న కాలేజీ పిల్లలు "ఆంటీ, ఇంకా చాలా ఉందండీ!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. రోడ్డు అంచున గోడ మీద కూర్చుని నీళ్ళు తాగుతుంటే, ఇంతకంటే పెద్ద కొండని ఫ్యాను కింద చెమట పట్టకుండా ఎక్కేసిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొచ్చింది. పాపం, దాన్ని తిట్టాలనిపించలేదు. నవ్వొచ్చింది. నవ్వు ఆగాక లేచి, సైకిలు తోసుకుంటూ నాలుగో మలుపు తిరిగాను.