మోదుగుచెట్టు దుకాణం

పగతో చెట్టు పెంచిన మొనగాణ్ని మా సుల్తానాబాద్ బజారులో నేనొక్కణ్నే. పొద్దున ఒకాయన సరిగ్గా నా దుకాణం ముందే బండి ఆపి, "అన్నా, మోదుగుచెట్టు దుకాణమేది?" అనడిగితే, పళ్లు కొరుక్కుంటూ పక్క దుకాణం చూపించాను. అది మా చిన్నాయనది.

పదిహేనేళ్ల కింద ఆయన మా గోడకు ఆనించి కిరాణం తెరిచాడు. మొదటి వారమే మా గిరాకీలతో "మా అన్న పప్పుల రాళ్లుంటయి, జర చూస్కోండ్రి" అన్నాడు. ఆ మాట విన్ననాటి నుంచి బాపు గల్లా ముందు కూర్చోవడం మానేశాడు. చిన్నాయన బోర్డు ఎవరికీ కనబడకుండా చేస్తానని ఒట్టు పెట్టుకున్నాను. కత్తికైతే కేసవుతుంది, చెట్టుకు కాదు గదా! మాకు విస్తరాకులు కుట్టి అమ్మే ఒకామె ఊరు బెల్లంపల్లి దాటి అడవి అంచున. అక్కడ రాళ్లనేలలో, చుక్క నీరు పోసే దిక్కు లేకున్నా మోదుగులు గుంపులుగుంపులుగా ఉంటాయి. రెండు అరచేతులు కలిపినంత ఆకు. నాకు కావలసిందదే. "వద్దు సేటూ, గిది అడవి చెట్టు. నువ్వనుకున్నప్పుడు ఆకు పెట్టది" అందామె. వద్దన్నవాళ్లే ధర పెంచుతారని దుకాణంలో పుట్టినవాడికి తెలీదా? గంటసేపు బేరమాడి, ఒక మొక్క ధరకు రెండు తెచ్చి చిన్నాయన బోర్డుకు ఎదురుగా నాటాను. ఒకటి చచ్చింది.

రెండోది ఏడో ఏటికి బోర్డును మింగేసింది. ఆ వానాకాలమంతా నాకు అన్నం రుచిగా ఉంది. చలి తగ్గేసరికి ఆకంతా రాలింది. సరిగ్గా పెళ్లిళ్ల గిరాకీ వేళకు, ఉత్త కొమ్మలకు నిప్పంటుకున్నట్టు పూసింది. బోర్డు మీద ఒక్క అక్షరం కూడా దాగలేదు. దారిన పోయేవాళ్లు చెట్టును చూడ్డానికి ఆగి, ఆగినందుకు చిన్నాయన దగ్గర సరుకు కొన్నారు. "మస్తు పెంచినవ్‌రా కొడుకా! నాకు బోర్డుకు రంగులేసే పని తప్పింది" అన్నాడాయన, ఏడేళ్లలో మొదటిసారి నాతో మాట్లాడుతూ.

గొడ్డలి తెచ్చాను. చెట్టు మొదట్లో కుర్చీ వేసుకున్న బాపు లేవలేదు.

"ఊకో బిడ్డా. గప్పుడు పప్పుల రాళ్లు నిజంగనే ఉండె. నేనే కలిపిన. మొఖం చెల్లకనే గల్లా మీద కూసోలే."

ఉన్నదున్నట్టు లెక్క కడితే ఇదీ: పేరు చిన్నాయనకు, నీడ బాపుకు, ఊడ్చే ఆకులు నాకు. నిజం చెప్పాడన్న కోపం చిన్నాయన మీద ఇంకా పోలేదు. ఆ ఏడేళ్లను మాత్రం ఎవరి పద్దులోకి నెట్టాలని చూసినా, తిరిగొచ్చి నా పేరు కిందే కూర్చుంటున్నాయి.