రాక్ గాయకుడికి మా సన్మానం

ఇరవై ఏడేళ్ళ వయసులో నాకు రెండు నమ్మకాలుండేవి. నేను లేకపోతే సంఘం నడవదని ఒకటి, నాకు రాయడం బాగా వచ్చునని రెండోది. అమెరికాలోని ఇర్వింగ్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి. పెళ్ళి కాలేదు, వంట రాదు, శనాదివారాలు గడవవు. అలాంటివాడు దొరికితే తెలుగు సంఘాలు వదులుతాయా? నన్ను సాంస్కృతిక సహాయ కార్యదర్శిని చేశారు. (పదవి పేరు పెద్దదే. పని మాత్రం పిల్లల డాన్సుల సీడీలు ఒకదాంతో ఒకటి కలిసిపోకుండా చూసుకోవడం.)

మా అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో ఒక అమెరికన్ పెద్దాయన ఉండేవాడు. అరవై దాటాయి, భుజాల దాకా తెల్లటి జుట్టు. మేమంతా ఆయన్ని జులపాల తాత అనుకునేవాళ్ళం. ఆదివారాలు లాండ్రీ రూమ్‌లో బట్టలు ఆరేలోగా మాటలు కలిశాయి. ఒకప్పుడు రాక్ గాయకుడట. ఒక రికార్డు వచ్చింది, అందులో ఒక పాట రేడియోలో కొన్నాళ్ళు మోగింది. బ్యాండ్‌తో వ్యాన్‌లో ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగాడు. తర్వాత బ్యాండ్ విడిపోయింది, గొంతుకి ఆపరేషన్ అయింది, మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. గిటార్లు రిపేరు చేసుకుంటూ బతుకుతున్నాడు. "కొత్త పాట ఒకటి రాశాను. మనుషుల ముందు పాడితే గానీ అది పాటో కాదో తెలీదు," అన్నాడొకసారి, సాక్సులు జతచేస్తూ. అంతే, నాకు పట్టుదల వచ్చేసింది. ఈయన్ని మా ఉగాది స్టేజీ మీద పాడించి తీరాలి.

మా అధ్యక్షులు డాక్టర్ గారు ఒక పట్టాన ఒప్పుకోలేదు. "ఉగాదికి రాక్ ఏమిటయ్యా? పంచాంగ శ్రవణం పక్కన డ్రమ్స్ వాయిస్తాడా?" అన్నారు. "డ్రమ్స్ లేవండీ, ఒక్క గిటారే," అన్నాను. మూడు మీటింగుల్లో ఇదే మాట. చివరికి నా పోరు పడలేక, "సరే, అంత ఆర్టిస్ట్ అంటున్నావు, సన్మానం కూడా చేసేద్దాం. పరిచయం నువ్వే రాసుకో," అన్నారు. తాతకి చెబితే ఎగిరి గంతేయలేదు గానీ ఆ వారమంతా కింది నుంచి గిటారు వినిపించింది. నన్ను కోరింది ఒక్కటే. "స్టేజీ మీద నా పేరు చెప్పి పక్కకి తప్పుకో, చాలు."

పేరు చెప్పి తప్పుకోవడమా! అదేం మర్యాద? ఆదివారాలన్నీ ఆయన్ని కూర్చోబెట్టి జీవిత చరిత్ర రాబట్టాను. పుట్టిన ఊరు, నాన్నగారి కార్ల రిపేరు షెడ్డు, మొదటి గిటారు, వ్యాన్ ఆగిపోయిన ఊళ్ళ పేర్లు, ఏదీ వదల్లేదు. అంతా కలిపి ఏడు పేజీలు, చక్కటి గ్రాంథికంలో. బిరుదు కూడా నేనే పెట్టాను, 'పాశ్చాత్య గానకేసరి' అని. (కేసరి అంటే ఏమిటని తాత అడిగితే సింహం అన్నాను. అద్దంలో జుట్టు చూసుకుని ఒప్పుకున్నాడు.)

ఆ శనివారం స్కూలు ఆడిటోరియం మాకు మధ్యాహ్నం ఒంటిగంట దాకానే ఇచ్చారు. కార్యక్రమం మన పద్ధతిలో గంటన్నర ఆలస్యంగా మొదలైంది. పంచాంగం, పిల్లల డాన్సులు, డాక్టర్ గారి 'రెండే రెండు మాటలు' అయ్యేసరికి పన్నెండుంపావు. నేను మైకు పట్టుకున్నాను. ఏడు పేజీలూ చదివాను, మధ్యలో చప్పట్ల కోసం ఆగుతూ మరీ. తర్వాత శాలువా, పూలదండ, జ్ఞాపిక, ఫ్రేము కట్టిన సన్మాన పత్రం. కమిటీతో ఫొటో, స్పాన్సర్లతో ఫొటో, స్పాన్సర్ల అత్తగార్లతో ఫొటో. తాత గిటారు మెడలో వేసుకుని మైకు దగ్గరికి అడుగేశాడో లేదో, వెనక నుంచి ఎవరో "భోజనాలు రెడీ!" అన్నారు. రెండు నిమిషాల్లో హాలు ఖాళీ. స్కూలు మనిషి వచ్చి టైమైందని లైట్లు ఆర్పేశాడు. తాత దండతో, శాలువాతో, గిటారుతో చీకట్లో నిలబడ్డాడు. "పర్లేదు, నీ స్పీచ్ బాగుంది," అన్నాడు. ఆయన పాటని తినేసింది నేనేనని అప్పుడర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను.

కానీ అప్పటి నా మొండితనం మామూలుది కాదు. చెయ్యి పట్టుకుని భోజనాలు పెట్టిన కెఫెటీరియాకి లాక్కెళ్ళాను. వడ్డించే బల్ల పక్కన, పులిహోర ట్రే ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాను. రెండొందల మంది ప్లేట్లతో క్యూలో ఉన్నారు. డాక్టర్ గారు ఉరుకుతూ వచ్చారు. "భోజనాల దగ్గర పాటలేంటయ్యా? లైన్ ఆగిపోతుంది, అన్నం చల్లారిపోతుంది!" "ఒక్క పాటేనండీ. పాడించకపోతే నేను ఇక్కణ్ణుంచి కదలను," అన్నాను. అప్పుడు పులిహోర వడ్డిస్తున్న వరంగల్ ఆంటీ గరిటె ట్రేలో పడేసి చేతులు కట్టుకుంది. "పెద్దమనిషికి శాలువ కప్పి, పాడనియ్యకుండ పంపుతరా డాక్టర్ సాబ్? ఆయన పాడినంకనే వడ్డిస్త. మీగ్గూడ అంతే." "సరే, తొందరగా కానివ్వండి," అన్నారు డాక్టర్ గారు. ఆయనకి షుగరు, ఆకలికి ఆగలేరు.

తాత పాడాడు. మొదటి లైనులోనే గొంతు జీరపోయింది. దండ తీగలకి అడ్డం పడి బంతిరెక్కలు రాలుతున్నాయి. నేను కేకలూ గంతులూ ఉంటాయనుకున్నాను. అది వాళ్ళ నాన్న షెడ్డు మూసేసిన రోజు గురించి, పక్కవాడితో చెప్పుకుంటున్నట్టున్న మెల్లటి పాట. క్యూలో ఉన్నవాళ్ళు ప్లేట్లతోనే వచ్చి చుట్టూ నిలబడ్డారు. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. పాట అవగానే వెనక నుంచి ఎవరో మన పద్ధతిలో "వన్స్ మోర్!" అని అరిచారు. తాత కంగారుగా నా వైపు తిరిగాడు. "వేరే పాట ప్రాక్టీస్ చెయ్యలేదే!"

"వేరేది కాదు. అదే మళ్ళీ పాడమంటున్నారు."

"అదే పాటా?" అన్నాడు. "ఇన్నేళ్ళలో ఇంకో పాట అడిగినవాళ్ళున్నారు. పాడిందే మళ్ళీ పాడమన్నవాళ్ళు లేరు." రెండోసారి గొంతు జీరపోలేదు. ఆ తర్వాత ఆంటీ ఆయనకే ముందు వడ్డించింది.

మరుసటి ఏడాది ఆయన వేరే రాష్ట్రంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. నాకిప్పుడు జుట్టు ఆయనకన్నా పలచన. ఆయన పుట్టిన ఊరు, వ్యాన్ రంగు, అది ఆగిపోయిన ఊళ్ళు, ఏడు పేజీలూ ఇప్పటికీ గడగడా అప్పజెప్పగలను. పాట మాత్రం రాసుకోవాలని ఆ మహారచయితకి తోచలేదు. మొదటి రెండు లైన్లే గుర్తున్నాయి. కారులో ఒంటరిగా ఉన్నప్పుడు అవి పాడుకుంటాను, మూడోది రాక నవ్వుకుని, మళ్ళీ ఆ రెండే పాడుకుంటాను.