ఎర్రబడిన ముఖంతోనే పాడాను

ఈ పూట మీ ముందు తలెత్తి నిలబడే ధైర్యమిచ్చిన ప్రభువుకు వందనాలు, సహోదరులారా! మాది కమలాపురం. వయసులో వచ్చిన మొటిమలు నా రెండు బుగ్గలనూ గుంతలు గుంతలుగా చేసి వదిలాయి. దేవుడు నాకు పాడే గొంతిచ్చాడు, నేనేమో ఈ ముఖం చూసి ఎవరు నవ్వుతారోనని మందిరంలో పాడటం మానేసి, చివరి వరుసలో ముసుగు బుగ్గల మీదికి లాక్కుని కూర్చునేదాన్ని, చూసినవాళ్లు ఎంత భక్తో అని మెచ్చుకునేవారు! చివరికి ఇంట్లో గిన్నెలు తోముతున్నా పాట రాలేదంటే నమ్మండి. "ప్రభువా, ఈ గుంతలైనా తీసెయ్యి, లేకుంటే నాలో ఉన్న పాటైనా తీసెయ్యి" అని ఏడ్చేదాన్ని.

కడపలో చర్మ డాక్టరమ్మ మైక్రోనీడ్లింగ్ చేస్తారని తెలిసింది. సన్నటి సూదులతో చర్మాన్ని గుచ్చితే, అది మానేటప్పుడు కొత్త చర్మం పట్టి గుంతలు కొంత పూడతాయట. దేవుడిచ్చిన ముఖాన్ని పొడిపించుకోవడం పాపమని కొందరన్నారు. మా అత్తమ్మ ఊరుకుంటుందా! "పన్ను పీకిచ్చుకుంటే రాని పాపం మొగానికి వైద్యం చేపిచ్చుకుంటే వచ్చాదా? బైబిల్లో యాడ రాసుండాది, సూపీండి!" అని అందరి నోళ్లూ మూయించి, తనే నన్ను బస్సెక్కించింది. ఆమెను బట్టి దేవునికి స్తోత్రం!

శనివారం సూదులు వేశారు. రేపంతా పౌడరు పూయకూడదు, ముసుగు బుగ్గలకు తగలకూడదు అన్నారు డాక్టరమ్మ. రేపంటే ఆదివారం! ముఖం చూస్తే మిరపపండు. మందిరానికి రానంటే రానన్నాను, అత్తమ్మ ఎండ తగలకుండా గొడుగు పట్టి మరీ తీసుకెళ్లింది. ఆ ఉదయమే పాట ఎత్తుకునే అక్కకు గొంతు పోయింది. ఎవరైనా పాడండమ్మా అని పాస్టరయ్య అడిగితే ఒక్కరూ లేవలేదు. "ప్రభువా, నా ముఖం నీకు తెలుసు, ఇక నీ ఇష్టం" అని లేచాను. పల్లవి నేల చూస్తూ పాడాను, చరణంలోకి వచ్చేసరికి నాకో ముఖం ఉందన్న సంగతే మరిచిపోయాను! దేవునికే మహిమ!

ఆ తర్వాత మళ్లీ కొన్నిసార్లు వేయించుకున్నాను. గుంతలు సగం పూడాయి, సగం ఉన్నాయి, చూడండి, దాచను. నాకు విడుదల మాత్రం ముఖం అన్ని రోజులకన్నా వికారంగా ఉన్న ఆ ఆదివారమే వచ్చింది.

అంతా బాగయ్యాక దేవుని దగ్గరికి వద్దామని ఆగిన సహోదరీ, వైద్యం మానకు, నీ రోగమేదైనా మంచి డాక్టరుకు చూపించుకో. కానీ రావడానికి బాగయ్యేదాకా ఎదురుచూడకు. ఈ ఆదివారమే రా, ఎట్లున్న ముఖంతో అట్లే రా. ఆమేన్!